ఒక్కొక్కరికీ ఒక్కటే

మొన్న సాయంత్రం కువైట్ సిటీలో షర్క్ పేటలో మా కొత్త మేడమ్‌ను ఒక కాఫీ షాపు దగ్గర దించి, కారు నీడకు పెట్టుకుని కూర్చున్నాను. లోపల అద్దం వెనకున్న బల్ల మీద వెయిటరు ఒక ఎర్రటి గ్లాసు తెచ్చి పెట్టాడు. పక్కన చిన్న గిన్నెలో నాలుగు ఆలివ్ కాయలు, ఇంకో గిన్నెలో గుప్పెడు చిప్సు. అంతే. అది చూసి నాకు నవ్వు ఆగలేదు. స్టీరింగు మీద తల ఆనించి మరీ నవ్వాను. పక్క కారులోని మలయాళీ డ్రైవరు అద్దం దించి, ఏమైంది భాయ్ అని అడిగాడు. ఏం చెప్పేది? కోనసీమ మనిషి ఒకాయన ఉండేవారని, ఇలాంటి నాలుగు కాయల్ని చూసి ఒకప్పుడు ఏడ్చినంత పని చేశారని, ఆయన ఊరికి తిరిగెళ్ళి అక్కడే పోయి ఏడాది దాటిందని, అయినా ఆయన్ను తలుచుకుంటే నాకు ఏడుపు కాదు, నవ్వే వస్తుందని? ఏం లేదులే అన్నాను.

ఆయనకు పేరు లేకపోలేదు. కానీ మేం పనిచేసిన ఇటలీ వాళ్ళ ఇంట్లో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మాటకు ముందొక ఆయ్, మాటకు వెనకొక ఆయ్. ఇటలీ సార్ పిల్లలిద్దరూ అదే ఆయన పేరనుకుని మిస్టర్ ఆయ్ అని పిలిచేవాళ్ళు. నేను ఆయ్‌గారూ అనేవాణ్ణి. మాది రాయచోటి. మా నోట గారు అంత తొందరగా రాదు. ఎంత పెద్దవాడైనా అన్నా అంటాం, నువ్వు అంటాం, ప్రేమ ఎక్కువైతే తిడతాం. ఆయనేమో వయసులో నాకంటే అంత పెద్దవారై ఉండి కూడా నన్ను భాయిగారూ, తమరూ అనేవారు. మా గేటు దగ్గర తిరిగే పిల్లిని కూడా పిల్లిగారూ అనేవారు. ఇక నేనొక్కణ్ణి బిగదీసుకుని ఏం లాభం?

ఆయన వంటవాడు. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. చెయ్యి కడిగితే ఆ తువ్వాలు, చెమట తుడిస్తే ఆ తువ్వాలు, నేను కంచం ముందు నుంచి లేవబోతే అదే తువ్వాలుతో నా భుజం మీద ఒక్కటి కొట్టి కూర్చోబెట్టడం. చాలు అన్న మాట ఆయన చెవికి ఎక్కేది కాదు. ఎక్కినా ఇంకో గరిటె అని ఎక్కేది. "అదుగోనండి భాయిగారూ, మీ బండి మీదకి పిల్లిగారెక్కారు" అనేవారు. నేను కిటికీ వైపు తిరిగి చూసేలోపల కంచంలో అన్నం గుట్టయ్యేది. పిల్లి ఉండదు. రెండేళ్ళ పాటు ఆ పిల్లి మాట నమ్మి మోసపోయాను నేను. ఇప్పుడున్నంత పొట్ట నాకు కువైట్ వచ్చినప్పుడు లేదు, ఇది ఆయన చలవ.

ఆయన ఆ ఇంటికి వచ్చిన కొత్తల్లో జరిగింది చెప్పాలి. అంతకుముందు ఒక పెద్ద ఇంట్లో వండేవారట. వండింది పళ్ళేల్లో సర్ది, హాలు తలుపు దగ్గర పెట్టి వెనక్కి వచ్చేయడం. ఎవరు తిన్నారో, ఎలా తిన్నారో తెలిసేది కాదు. మా ఇటలీ వాళ్ళ విల్లాలో వంటింటి తలుపుకు గుండ్రటి అద్దం ఒకటి బిగించి ఉండేది. అందులోంచి చూస్తే డైనింగ్ హాలంతా కనిపిస్తుంది. వచ్చిన మొదటి వారమే ఆయన ఆ అద్దం దగ్గర నిలబడి, పిల్లలు నూడుల్స్ జుర్రుకోవడం చూస్తూ, "తినేవాళ్ళ మొహం కనబడతందండి భాయిగారూ. ఎన్నాళ్ళకండీ! నేనీ ఇల్లు వదలనండి. ఆయ్" అన్నారు. అప్పటికి ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, ఇంకా ఈ ఇంటి పేరున కొట్టించలేదు. నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే పనివాళ్ళను కుదిర్చే ఆఫీసుకు తిప్పి పంపేస్తారు. ఆ పరీక్ష గడువులో ఉన్నారాయన.

అప్పుడొచ్చింది ఆ గురువారం.

మేడమ్ ఆయన్ను, తర్జుమాకు నన్ను హాల్లోకి పిలిచింది. సాయంత్రం సార్ స్నేహితులు వస్తున్నారని, వాళ్ళ దేశం పద్ధతిలో ముందు అపెరితీవో ఉంటుందని చెప్పింది. అంటే భోజనానికి ముందు, పొద్దు వాలే వేళ, అందరూ నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఒక చేదు పానీయం చప్పరించడం. చేదు ఆకలిని లేపుతుందట. ఖాళీ కడుపున తాగకుండా పక్కన ఉప్పటివి కాసిని. మేడమ్ సరంజామా అంతా చూపించింది. సారాయి కలవని ఎర్ర సిరప్పు, సోడా, గ్లాసు నిండా మంచు, నారింజ చక్రం, గిన్నెలో ఆలివ్ కాయలు, కాసిని వేయించిన బాదం పప్పులు, చిప్సు. నేను సిరప్పు సీసా మూత తీసి ముందు జాగ్రత్తగా వాసన చూశాను. మందుల షాపు వాసన. సరే, ఫర్వాలేదు. "ఇంతకు మించి ఏమీ వద్దు" అంది మేడమ్. "తర్వాత నేను చేసిన లసాన్యా ఉంది. మా అమ్మ చేసే పద్ధతి. పొద్దున్నుంచీ దాని మీదే ఉన్నాను."

ఆయ్‌గారు ఆయ్ అన్నారు. వంటింట్లోకి రాగానే తలుపు మూసి నా చెయ్యి పట్టుకున్నారు.

"భాయిగారూ, అమ్మగారికి ఏదైనా ఇబ్బందాండీ?"

"ఏం ఇబ్బంది?"

"ఇంటికొచ్చినోళ్ళకి నాలుగు కాయలు పెట్టమంటన్నారండి. లోపలేదో బాధ లేకపోతే అలా అంటారాండీ? ఆ మాట బయటికి చెప్పుకోలేక ఇదేదో పద్ధతి అంటన్నారు గానీ."

"అన్నా, అది వాళ్ళ పద్ధతే. గమ్మునుండు."

"ఆయ్, అలాగేనండి" అన్నారు. ఆయన అలాగేనండి అన్నారంటే అలా చెయ్యరని నాకింకా తెలియని రోజులవి. నేను మగ్రిబ్ నమాజుకు మసీదుకు పోయాను. తిరిగొస్తుంటే సందు మొదట్లోనే నూనె వాసన తగిలింది.

రొయ్యల వడలు. కోడి పకోడీలు. అరటికాయ బజ్జీలు. ఆలివ్ కాయల గిన్నె ఎక్కడుందో కూడా కనిపించడం లేదు, దాని చుట్టూ పళ్ళేలు. ఆ తెల్లవాళ్ళు మొదట ఒక్కొక్కటే తీసుకున్నారు. తర్వాత రెండు చేతులా తీసుకున్నారు. పెద్ద గడ్డం ఉన్న ఒక సార్, షర్క్‌లో ఏదో ఆఫీసు ఆయనది, ఖాళీ అయిన పళ్ళేన్ని తనే ఎత్తుకుని వంటింట్లోకి వచ్చేశాడు, ఇంకా వెయ్యమని. ఆయ్‌గారి మొహం వెలిగిపోయింది. వేస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత మేడమ్ లసాన్యా తెచ్చింది, పిండి రేకుల మధ్య ఖీమా, చీజు పరిచి కాల్చే వాళ్ళ వంట. ఎవరికీ చోటు లేదు. మర్యాదకు ఒక్కో ముక్క తీసుకుని ఫోర్కుతో అటూ ఇటూ జరిపారు. అందరూ వెళ్ళిపోయాక ఆమె ఆ పెద్ద గాజు పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పైన కాలిన చీజు దాదాపు అలాగే ఉంది. బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కాసేపు నిలబడింది. అరిచి ఉంటే బాగుండేది. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. వచ్చే గురువారం మళ్ళీ ఇదే మనుషులు వస్తారు, అప్పుడు కూడా ఇలాగే అయితే ఆదివారం ఇతన్ని ఆఫీసులో దించేసి రా.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చేతిలోని జల్లిగరిట అలాగే ఉండిపోయింది.

"నేను చేసింది తప్పాండీ?"

"తప్పు కాదన్నా, మర్యాద. మీ మర్యాదే నీ కొంప ముంచుతాండాది."

మర్నాడు శుక్రవారం, సెలవు. మహబూలాలో నేను మరిద్దరు కడప వాళ్ళతో కలిసి ఉండే గదికి ఆయన సంచీతో దిగారు. సంచీలో ఆలివ్ డబ్బా, నారింజలు, సోడా, మేడమ్‌ను అడిగి తెచ్చుకున్న కాస్త సిరప్పు. సాధన చేసుకుంటారట. మేం అతిథులం. "నేను కొంచెవే పెడతానండి. ఆపైన తమరేం అడిగినా పెట్టనండి. నన్ను పరీక్ష చెయ్యండి" అన్నారు. సరే, చేద్దాం.

మమ్మల్ని నిలబెట్టి గ్లాసులు చేతికిచ్చారు. నా పక్క మంచం వాడు సబ్హాన్ గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వాడు ఒక్క గుక్కలో ఎత్తి పోసుకుని, మొహం వంకర పెట్టి, "ఏంది బ్బా ఇది, వేపాకు కషాయమా? ఎవురికి జరం?" అన్నాడు.

"అలా కాదండీ బాబూ, చప్పరించాలండి. కొంచెం పుచ్చుకుని, కబుర్లు చెప్పుకుని, మళ్ళీ కొంచెం..."

"ఏం కబుర్లు చెప్పాల? దినామూ చూస్తాండే మొగాలే గదా."

ఆలివ్ కాయల్ని వాడొకటి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసి ఆలోచించాడు. తర్వాత గిన్నె తీసుకుని నేరుగా కుక్కరు దగ్గరికి పోయి, పళ్ళెంలో అన్నం పెట్టుకుని, కాయలన్నీ దాని మీద గుమ్మరించి, నూనె పోసి కలిపాడు. "ఊరగాయ బాగుంది గానీ, కారం వెయ్యడం మర్సిపోయినారు" అన్నాడు. ఆయ్‌గారు తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. ఇంకా పట్టుబట్టే ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వాడు పళ్ళెం నాకి, ఆయన వైపు చూసి, చాలా మామూలుగా, "ఇంకేమన్నా ఉందా అన్నా?" అన్నాడు.

అంతే. అయిపోయింది. స్టవ్ వెలిగింది. ఉల్లిపాయలు తరిగిన చప్పుడు మొదలైంది. కోడిగుడ్ల వేపుడు, ఉప్మా, ఆ ఉప్మాలోకి అప్పటికప్పుడు టమాటా పచ్చడి. మేం సుబ్బరంగా తిన్నాం, అబద్ధమెందుకు. తినడం అయ్యాక చూస్తే ఆయన గోడకానుకుని కింద కూర్చుని ఉన్నారు.

"నా వల్ల కాదండి భాయిగారూ. మనిషి నోరు తెరిచి అడిగాక లేదనడం నా వల్ల కాదు. మా అమ్మ నాకా మాట నేర్పలేదండి."

నాకు ఒళ్ళు మండింది. "అయితే మూట కట్టుకో! ఆదివారం నేనే దించి వస్తా. ఆ అద్దంలో మొగాలు ఇంగొకడు సూస్తాడులే" అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నందుకు నాకు విచారమూ లేదు. ఆయన వెళ్ళిపోతారేమోనన్న భయంతో అన్న మాట అది. ఆ ఇంట్లో నాతో తెలుగులో మాట్లాడేది ఆయనొక్కరే మరి.

రెండో గురువారం వచ్చింది. ఆ సాయంత్రం ఆయన సర్దిన తీరు చూసి మేడమ్ కూడా తల ఊపింది. ఆలివ్ కాయలకు ఒక గిన్నె, వాటి గింజలకు పక్కన ఖాళీ గిన్నె. బాదం పప్పులు గుట్టగా కాకుండా పరిచినట్టు. నారింజ చక్రం గ్లాసు అంచు మీద కాదు, మంచు లోపల. అన్నీ పెట్టి వచ్చి వంటింటి తలుపు మూశారు. నేను గ్యాస్ లైటరు తీసి నా జేబులో వేసుకుని స్టవ్‌కు అడ్డంగా నిలబడ్డాను.

ఆయన గుండ్రటి అద్దానికి మొహం ఆనించి, జరుగుతున్నదంతా నాకు చెప్పడం మొదలుపెట్టారు.

"ఆ పొడుగాయన ఒక్క కాయ తీసుకున్నారండి. నమలతన్నారండి. ఇంకా నమలతానే ఉన్నారండి... ఆవిడ నవ్వుతున్నారు. ఏం తినకుండా ఎలా నవ్వుతారండీ? భాయిగారూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"అయితే సూడొద్దు."

"చూడకుండా ఎలాగండీ!"

కాసేపటికి ఆయన గొంతు మారింది. "అందరూ ఇటే చూత్తన్నారండి" అన్నారు. నేనూ వెళ్ళి చూశాను. నిజమే. గ్లాసులు చేతుల్లో ఉన్నాయి, కబుర్లు సాగుతున్నాయి, కానీ కళ్ళు మాత్రం వంటింటి తలుపు మీదే. గడ్డం సార్ వంగి మేడమ్ చెవిలో ఏదో అడిగాడు. ఆమె లేచి మా దగ్గరికి వచ్చింది. కోపమో నవ్వో చెప్పలేని మొహం.

"పోయిన వారం వేయించినవి కావాలట. వాటి కోసం మధ్యాహ్నం నుంచీ కడుపు ఖాళీ పెట్టుకుని వచ్చారట. అడిగితే లేదనలేను. చెయ్యమను." చూపుడు వేలు ఎత్తింది. "ఒక్కొక్కరికీ ఒక్కటే."

నేను చెప్పాను. ఒక్కటే అన్నదాన్ని రెండుసార్లు చెప్పాను. ఆయన ఫ్రిజ్ తెరిచి రొయ్యల పిండి తీశారు. రుబ్బి సిద్ధంగా ఉంది! నేను కళ్ళెర్రజేస్తే, "ఎందుకైనా మంచిదనండి" అన్నారు. లైటరు ఇచ్చాను.

మనిషికొక్కటి చొప్పున వేయించి, పళ్ళెంలో పెట్టి, తనే తీసుకెళ్ళారు. నేను అద్దం దగ్గర నిలబడ్డాను. అందరూ తీసుకున్నారు. గడ్డం సార్ తనది రెండు కొరుకుల్లో తినేసి, వేళ్ళు నాక్కుని, ఆయ్‌గారి వైపు చూసి ఒక వేలెత్తాడు. ఇంకొక్కటి.

ఆయన వీపే నాకు కనిపిస్తోంది. ఆ వీపు కొయ్యబారింది. మేడమ్ ఆయన్నే చూస్తోంది. నాకు తెలుసు, ఆ మనిషి ఇప్పుడు ఆయ్ అంటారు, వెనక్కి తిరిగి వస్తారు, బాణలి నిండా వేస్తారు, ఆదివారం నేను కారు తియ్యాలి. యా అల్లా, ఈ ఒక్క పూట ఈయన నోరు కట్టెయ్ అనుకున్నాను.

"డిన్నర్ రెడీ సార్" అన్నారు ఆయ్‌గారు.

లోపలికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డారు. "లేదన్నానండి భాయిగారూ. నోరు తెరిచి అడిగిన మనిషికి లేదన్నాను" అన్నారు. కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. వడ ఇవ్వనందుకు ఇంత ఏడుపేంది సామీ అని నవ్వబోయాను. నవ్వు రాలేదు. నా కళ్ళూ చెమ్మగిల్లాయి.

ఇద్దరం ఒక అద్దానికే తలలు ఆనించి చూశాం. లసాన్యా బల్ల మీదికి వచ్చింది. ఆ రోజు ఆ మనుషులు తిన్న తీరు చూడాలి. మూలల్లో అంటుకున్నది కూడా కత్తితో గీక్కుని తిన్నారు. గడ్డం సార్ రొట్టెముక్కతో గిన్నె తుడిచాడు. ఆయ్‌గారు మాత్రం తినేవాళ్ళను చూడటం మానేసి మేడమ్‌నే చూస్తున్నారు. "అమ్మగారి మొహం చూడండి. ఇదండీ సంగతి. నేను పోయిన వారం ఆవిడ దగ్గర్నుంచి లాగేసుకున్నది ఇదండి" అన్నారు.

మేడమ్ ఖాళీ పళ్ళేన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆదివారం ఈయన్ను ఇఖామా పనికి తీసుకుపో, పాస్‌పోర్టు మర్చిపోవద్దని చెప్పు అంది నాతో.

ఆ తర్వాత ఆయన ఇటలీ వాళ్ళకంటే ఎక్కువ ఇటలీ మనిషి అయిపోయారు. గురువారం సాయంత్రం నేను టీ తాగబోతే, "ఈ వేళప్పుడు టీ ఏంటండీ, ఆకలి చచ్చిపోద్దండి" అని కప్పు లాక్కునేవారు. కొత్తగా వచ్చిన పనమ్మాయి గుప్పెడు బాదం పప్పులు తీసి నోట్లో పోసుకుంటే, "ఒక్కోటీ తినాలమ్మా, మధ్యలో మాట్టాడాలి" అని పాఠం చెప్పేవారు. నన్నూ నిలబెట్టి గ్లాసు చేతికిచ్చేవారు. నాకు ఆ చేదు అలవాటైంది, చెప్పొద్దూ, ఇప్పుడు అది లేకపోతే గురువారం గురువారంలా ఉండదు. మిగతా రోజుల్లో మాత్రం ఆయన పాత ఆయ్‌గారే, నా బండి మీద పిల్లిగారే.

గడ్డం సార్ కూడా అలవాటు పడ్డాడు. వచ్చినప్పుడల్లా ఒక్క వడ తినడం, వేలెత్తడం, "డిన్నర్ సార్" అని ఆయ్‌గారు అనడం, అందరూ నవ్వడం. వాళ్ళకది ఆట. వంటింట్లోకి వచ్చాక ఆయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకునేవారని వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

మోకాళ్ళు పట్టేసి, ఇక నిలబడి వండలేనని, వీసా ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోతున్న రోజు ఆయన పొద్దున్నుంచీ వంటింట్లోంచి బయటికి రాలేదు. సూట్‌కేసు నేనే సర్దాను. సాయంత్రం కారెక్కాక ఒళ్ళో పెద్ద స్టీలు క్యారేజీ పెట్టుకుని, "కొంచెం షర్క్ మీంచి పోనిత్తారాండీ?" అన్నారు. విమానం వేళవుతోంది అన్నా అన్నాను. ఆయ్ అన్నారు. పోనిచ్చాను.

గడ్డం సార్ ఆఫీసు లిఫ్టులో ఆయన క్యారేజీని రెండు చేతులా పొదివి పట్టుకున్నారు. మమ్మల్ని చూసి ఆ సార్ ఆశ్చర్యపోయి కుర్చీలోంచి లేచాడు. ఆయ్‌గారు ఆయన బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి క్యారేజీ విప్పారు. అన్ని గిన్నెల్లోనూ రొయ్యల వడలే. ఆ సార్ పెద్దగా నవ్వి ఒకటి తిన్నాడు. వేళ్ళు నాక్కున్నాడు. అలవాటు ప్రకారం ఒక వేలెత్తి, ఆ మాట కోసం ఎదురుచూశాడు.

"నో డిన్నర్ సార్" అన్నారు ఆయ్‌గారు. "టుడే నో జాబ్. ఈట్."

గడ్డం సార్ నవ్వు ఆగిపోయింది. మెల్లగా కుర్చీలో కూర్చుని, రెండోది తీసుకుని తిన్నాడు. మూడోదానికి ఆయన వేలెత్తే లోపలే ఆయ్‌గారు దాన్ని చేతిలో పెట్టారు.